నామం వదలని నిలువు పట్టీ: క్లినిక్ గోడ ప్రాజెక్టు డైరీ

డిసెంబరు మొదటి వారం. గోడ

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు కొత్తగా క్లినిక్ పెట్టుకున్న పళ్ళ డాక్టరమ్మ వెయిటింగ్ హాల్లోకి మూడు బొమ్మలు కావాలన్నారు. షరతులు ముందే చెప్పేశారు. దేవుడి పటం రిసెప్షన్ వెనకాల ఉంది కాబట్టి మళ్ళీ దేవుడు వద్దు. నవ్వుతున్న పళ్ళు వద్దు. జలపాతం, ఏడు గుర్రాలు అసలే వద్దు. "చూస్తే ఇది ఫలానా అని చెప్పడానికి వీల్లేనిది వెయ్యండి. కానీ ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళకు ఉన్న టెన్షన్ చాలు, బొమ్మ చూసి ఇంకాస్త పెరగకూడదు."

పగలంతా షాపుల బోర్డులు, పెళ్ళి బ్యానర్లు డిజైన్ చేసుకునేవాడికి ఇలాంటి పని దొరకడమే పండగ. బోర్డు మీద పేరు కనపడాలి, ఫోన్ నంబరు కనపడాలి, దాంతో సరి. ఇక్కడ చదవడానికి ఏమీ ఉండదు. బొమ్మలో మనిషో చెట్టో ఉంటే కన్ను దాన్ని పట్టుకుని మిగతాదంతా చూసీ చూడనట్టు వదిలేస్తుంది. అదేమీ లేనప్పుడు మిగిలేవి రంగు, ఏది ఎంత ఉంది, ఏది ఎక్కడ ఉంది, ఇంతే. రంగు సంగతి నాకు కొంత అలవాటే. ఈసారి మిగతా రెండింటి సంగతి చూద్దామని ఉంది. రంగులు మార్చకుండా, వీలైనచోట వాటి విస్తీర్ణం కూడా మార్చకుండా, అమరిక మాత్రం మారుస్తూ జనం ఏమంటారో రాసుకుంటూ పోతాను.

గోడ పన్నెండడుగుల వెడల్పు. ఎడమ చివర స్విచ్‌బోర్డు, కుడి పైన ఏసీ. కింద పత్రికలు పెట్టే పొట్టి బల్ల, అదీ కుడివైపుకే. ఎదురుగా కుర్చీలు. అంటే గోడే రెండు పక్కలా సమానంగా లేదు. ఈ సంగతి చివర్లో పనికొస్తుంది.

కోత

సైజు దగ్గరే మొదటి వాదన. డాక్టరమ్మ మేనల్లుడు ఆర్కిటెక్చరు చదువుతున్నాడు. "బంగారు నిష్పత్తిలో కోయించండి అంకుల్, కంటికి అదే బెస్టు" అన్నాడు. అంటే 1కి 1.618. నాలుగడుగుల ఎత్తుకు వెడల్పు 29.7 అంగుళాలు వస్తుంది. కొర్లగుంటలో ఆచారి ఎనిమిదడుగుల షీటు మీద టేపు పరిచి, "ఆ లెక్కన మూడు తీస్తే ఆరున్నర అంగుళాల ముక్క మిగిలిపోతాది సామీ. దాంతో ఏం చేసుకుంటావు? ముప్పై రెండుకు కోసుకో, బిగించినట్టు మూడొస్తాయి" అన్నాడు. రంపం తినే నూగు పోగా లెక్క సరిపోయింది. 48కి 32 అంటే 3కి 2.

కోసే ముందు రెండు సైజుల్లోనూ అట్టలు కత్తిరించి, గాంధీ రోడ్డులో ఫొటో ఫ్రేముల షాపు నడిపే స్నేహితుడి దగ్గర పక్కపక్కనే నిలబెట్టాం. ఏది బాగుందని అడిగితే జనం ముందు అడిగింది, "రెండూ ఒకటే కదన్నా?" అని. ఒకటి రెండంగుళాలు సన్నం అని చూపించాక ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఎటూ మొగ్గు లేదు.

బంగారు నిష్పత్తికి ఇంత పేరు రావడంలో గుస్టావ్ ఫెక్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చేతి చలవ చాలానే ఉంది. ఒకే విస్తీర్ణం ఉన్న పది దీర్ఘచతురస్రాలు, పూర్తి చదరం నుంచి 5:2 దాకా, బల్ల మీద పరిచి నచ్చింది తీసుకోమన్నాడు. ఫలితాలు 1876లో అచ్చువేశాడు. బంగారు నిష్పత్తి దానికి నూటికి 35 వంతులు పడ్డాయి. జనంలో పాకింది ఈ ఒక్క అంకె. దానికి అటు పక్కదీ ఇటు పక్కదీ కలుపుకుంటే నాలుగింట మూడొంతుల ఓట్లు ఆ మూడింటికే పడ్డాయని, ఆ మూడింట్లో 3:2 కూడా ఉందని చెప్పేవాళ్ళు తక్కువ. పైగా 1974లో గాడ్‌కెవిచ్ అనే ఆయన, పరిచినవాటి పరిధిని మారిస్తే ఇష్టం కూడా దాంతోపాటే జరుగుతుందని చూపించాడు. మనిషి మరీ చదరంగా ఉన్నదాన్నీ, మరీ పొడుగ్గా ఉన్నదాన్నీ వదిలేసి నడుమ ఉన్నదాన్ని పట్టుకుంటాడు. అంతే తప్ప కంట్లో 1.618 అని ఎక్కడా చెక్కి లేదు.

ఇది చెబితే మేనల్లుడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వారు. ముందు పళ్ళు ఎదురుగా చూస్తే ఒకదాని వెడల్పు పక్కదానికి బంగారు నిష్పత్తిలో కనపడాలని 1978లో లెవిన్ అనే డాక్టరు ఒక పద్ధతి చెప్పాడట. స్మైల్ డిజైన్ క్లాసుల్లో ఇప్పటికీ చెప్తారు. "నోరు తెరిపించి కొలిస్తే చాలామందికి రాదు. వాళ్ళ నవ్వు బాగానే ఉంటుంది" అన్నారావిడ. మూడు పలకలూ 48 బై 32 కోయించాం.

భాగాలు

టీటీడీ సంప్రదాయ శిల్ప కళాశాలలో చదువుకున్న మిత్రుడొకడు టీ తాగుతూ చెప్పిన మాట ఈ ప్రాజెక్టుకు పనిముట్టయింది. విగ్రహానికి కొలత బయటి స్కేలు నుంచి రాదు. ఉత్తమ దశతాళం అనే కొలతల పద్ధతిలో మూర్తి ఎత్తును 124 భాగాలు చేస్తారు, నవతాళంలో 108. అలా వచ్చిన భాగంతోనే ముఖం, మెడ, బొడ్డు, మోకాలు అన్నీ కొలుస్తారు. మూర్తి అరచేతిలో పట్టేంతదైనా, తాటిచెట్టంతదైనా కొలత దాని ఒంట్లోంచే పుడుతుంది.

నాకు బాగా నచ్చింది. మా పలకకు ఒక భాగం నాలుగంగుళాలు అనుకున్నాను. ఎత్తు పన్నెండు భాగాలు, వెడల్పు ఎనిమిది. మూలమట్టం పెట్టి పెన్సిల్‌తో గళ్ళు కొట్టాను. ఇక ఏ పట్టీ అయినా, ఏ ఖాళీ అయినా ఈ భాగంలోనో దాని సగంలోనో ఉండాలి. చూసేవాడికి గళ్ళు కనపడవు. కానీ బొమ్మలో ఒక కొలత మళ్ళీ ఇంకోచోట తగిలితే, రెండింటికీ ఏదో చుట్టరికం ఉందని కన్ను పసిగడుతుందని నా నమ్మకం.

మొదటి పలక. నామం

నేల రంగు శేషాచలం రాయి రంగు, లేత ఎరుపు కలిసిన పసుపు. దాని మీద సున్నపు తెలుపు, ఇటుక ఎరుపు. రంగు వెయ్యకముందే చార్టు పేపరు పట్టీలు కత్తిరించి డ్రాయింగ్ పిన్నులతో గుచ్చాను, కదపడానికి వీలుగా ఉంటుందని. మొదటి అమరిక రెండు పక్కలా అచ్చు సమానం. ఎడమ నుంచి అంగుళాల్లో: నేల 8, తెలుపు 6, ఎరుపు 4, తెలుపు 6, నేల 8. పట్టీలన్నీ పైనుంచి కిందిదాకా.

ఫ్రేముల షాపులో పెట్టి ఇలా వెనక్కి జరిగానో లేదో ఒక పెద్దాయన ఆగి చేతులు జోడించాడు. వెక్కిరింత కాదు, నిజంగానే. తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. "నామం బాగుండాది, కింద పాదం పెట్టలేదేం?" అని ఒకామె. చుట్టూ స్వామి పటాలు ఉన్న షాపు కదా, అందుకే అలా అంటున్నారేమోనని పలకను యూనివర్సిటీ దగ్గర జిరాక్సు షాపుకు మార్చాను. అక్కడ కుర్రాళ్ళు "రోడ్డు" అన్నారు, "టూత్‌పేస్టు" అన్నారు, కాసేపాగి "అరే, నామంరా" అన్నారు.

సరే, అడ్డంగా తిప్పాను. తెలుపు, ఎరుపు, తెలుపు అడ్డపట్టీలు. నిలువుగా ఉన్నంతసేపు తిరుమల, అడ్డం తిప్పగానే శ్రీకాళహస్తి. "విభూతి రేఖలు" అన్నాడు జిరాక్సు షాపతను, మిషన్ మీంచి తల కూడా ఎత్తకుండా. అయితే ఈసారి ఆ మాట అన్నవాళ్ళు తక్కువ. జెండా అన్నవాళ్ళు, దుప్పటి అన్నవాళ్ళు, ఏమీ అనకుండా పోయినవాళ్ళు ఎక్కువ. పట్టీలు అవే, కొలతలు అవే. నిలువు ఇరుసుకు, అంటే నడిమి గీతకు, అటూ ఇటూ ఉన్న సమానత్వాన్ని మన కన్ను చప్పున పట్టుకుంటుందని, అదే అడ్డం ఇరుసైతే అంత తొందరగా పట్టదని ఎర్నెస్ట్ మాఖ్ అనే శాస్త్రవేత్త 1886లోనే గమనించి రాశాడు.

1921లో హెర్మన్ రోర్షాక్ అనే మానసిక వైద్యుడు అచ్చువేసిన సిరా మరకల కార్డులు పదీ నడిమికి మడిచినట్టు రెండు పక్కలా ఒకేలా ఉంటాయి. అదే మరకలో సగం చూపిస్తే మరకే కనపడుతుంది. జంటగా చూపిస్తే గబ్బిలం, సీతాకోకచిలుక, ఎదురెదురుగా ఇద్దరు మనుషులు. నిలువు ఇరుసు కనపడిందంటే కన్ను దానికి ఒళ్ళు తొడిగేస్తుంది. మనం ప్రాణులన్నిటినీ ఎదురుగా చూసేది అలాగే కదా. ఏ అర్థమూ లేకుండా ఉండాలన్న బొమ్మకు ఇదే చిక్కు. రెండు పక్కలా సమానం చేశామా, అది ఎవరో ఒకరు అయిపోతుంది. మన ఊళ్ళో ఆ ఎవరో ఎవరో చెప్పక్కర్లేదు.

పక్కన పెడితే పోయే మాటే గానీ, షాపులో గంటలకొద్దీ కూర్చున్నందువల్ల ఆ స్వామి పటాన్నే మళ్ళీ చూశాను. స్వామి నిలబడింది సమభంగంలో, ఎటూ వంగకుండా. అయినా పూర్తి సమానం కాదు. పై చేతుల్లో ఒక పక్క చక్రం, ఒక పక్క శంఖం. కింది కుడి చెయ్యి పాదాలను చూపిస్తుంది, ఎడమ చెయ్యి నడుం మీద ఉంటుంది. అంత నిటారు మూర్తిలో కదిలేవి ఆ చేతులే.

జరపడం

పట్టీల గుంపునంతా కొంచెం కొంచెంగా ఎడమకు జరుపుతూ పోయాను. ముందు అరంగుళం. అంటే ఎడమ ఖాళీ ఏడున్నర, కుడి ఖాళీ ఎనిమిదిన్నర. ఎవరికీ తెలియదనుకున్నాం, ఫ్రేముల స్నేహితుడూ నేనూ. కాసేపటికే ఒకాయన దారంట పోతూ, "రోంత పక్కకు పోయిండాది చూడు సామీ" అని చెప్పి మరీ వెళ్ళాడు. అంగుళం జరిపినా అదే మాట. రెండంగుళాలు జరిపితే ఆరు, పది అయ్యాయి. అక్కడ మాట మారింది, "నామం మధ్యలో పెట్టుండచ్చు గదా" అని. ఇంతవరకూ ఎవరు ఏమన్నా తప్పు పట్టడమే.

నాలుగంగుళాలు, అంటే ఒక భాగం జరిపాక ఎడమ ఖాళీ 4, కుడి ఖాళీ 12 అయింది. ఒకటికి మూడు. సరిచెయ్యమన్న మాటలు ఆగిపోయాయి. "కావాలనే ఓరగా పెట్టినారా?" అని అడిగారు. ఈ ప్రశ్న వచ్చిన రోజు నాకు పండగే. తేడా చిన్నదైతే చెయ్యి జారిందంటారు. తేడా లెక్కకు అందేంత పెద్దదైతే పని తెలిసినవాడు చేశాడంటారు. పనితనం రెండింట్లోనూ ఒకటే.

సాయంత్రం డాక్టరమ్మకు చెబితే ఆవిడ ఆశ్చర్యపోయారు. వాళ్ళ రంగంలో 1999లో విన్సెంట్ కోకిచ్, ఆయన సహచరులు అమెరికాలో చేసిన ఒక అధ్యయనం ఉంది. నవ్వు ఫొటోల్లో ముందు పళ్ళ నడిమి గీతను కొంచెం కొంచెంగా పక్కకు జరిపి చూపించారు. మామూలు మనుషులు నాలుగు మిల్లీమీటర్లు జరిగినా పట్టుకోలేకపోయారు. అదే గీత వాలితే మాత్రం రెండు మిల్లీమీటర్లకే దొరికిపోయింది. "నోట్లో నాలుగు మిల్లీమీటర్లంటే చాలా ఎక్కువండీ. మీ పలక మీద అరంగుళానికే ఎలా పట్టేశారు?" అన్నారు.

నాకు తోచిన కారణం ఇది. ముఖంలో నడిమి గీతకు దగ్గర్లో సరిపోల్చుకోవడానికి అంచు లేదు. పెదవులు కదులుతుంటాయి, బుగ్గలు ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియదు. పలకకు కత్తితో కోసినట్టు రెండు అంచులున్నాయి. కన్ను పట్టీని కొలవదు, ఇటు ఖాళీకీ అటు ఖాళీకీ తక్కెడ వేస్తుంది. వాలు సంగతి మాత్రం ఇక్కడా అంతే. ఒక పిన్ను ఊడి పట్టీ పైన కాస్త పక్కకు ఒరిగితే షాపులో టీ ఇచ్చే పిల్లాడు కూడా చెప్పాడు.

ఓరగా పెట్టినా నామం మాత్రం పోలేదు. ఎరుపు రెండు తెలుపుల నడుమ ఉన్నంతకాలం అది గుంపుగానే కదులుతుంది, ఓరగా ఉన్న నామం అవుతుంది. అందుకని తెల్ల పట్టీలు రెండూ కలిపేసి ఎరుపును వాటి కుడి అంచుకు తెచ్చాను. ఎడమ నుంచి: నేల 4, తెలుపు 12, ఎరుపు 4, నేల 12. ఒకటి, మూడు, ఒకటి, మూడు. కూడి చూడండి, తెలుపు అప్పుడూ 12, ఇప్పుడూ 12. ఎరుపు 4, నేల 16. ఒక్క చదరపు అంగుళం రంగు కూడా మారలేదు. ఇప్పుడు ఎవరూ చేతులు జోడించలేదు. "పట్టుచీర అంచు" అన్నారు, "తలుపు సందు" అన్నారు, "పుస్తకం వెన్ను" అన్నారు. ఒకావిడ చాలాసేపు చూసి, "ఏమోనబ్బా, బాగుండాది" అంది. మొదటి పలక ఇదే.

ధనుర్మాసం

తెల్లారేసరికి వీధంతా ముగ్గులు. ఎదురింటి అక్క చుక్కల ముగ్గు వేస్తుంటే బండి ఆపి చూశాను. నాలుగు వైపుల నుంచి చూసినా ఒకేలా ఉండే ముగ్గు అది. "చుక్క తప్పితే ఊరంతా కనిపెడతారు. అన్నీ కుదిరితే మాత్రం ఎవరూ ఆగి చూడరు, దాటుకుని పోతారు" అంది నవ్వుతూ.

ఆ మాట పట్టుకుని ఒక చిన్న పరీక్ష పెట్టాను. మొదటి పలక అమరికల్లో రెండింటిని, సమానమైనదీ ఓరదీ, క్లినిక్‌లో ఒక్కో రోజు ఒక్కోటి నిలబెట్టి, వెళ్ళిపోయేవాళ్ళను టోకెన్ చీటీ వెనక గుర్తున్నంత గియ్యమన్నాను. సమానమైనదాన్ని అందరూ ఠక్కున గీసిచ్చేశారు. ఓరదాన్ని గీసేటప్పుడు పెన్ను ఆగింది, తల మళ్ళీ గోడవైపు తిరిగింది. ఎరుపు ఎటు పక్కనుందో గుర్తుంది గానీ ఖాళీ ఎంతో గుర్తు లేదు. లోచర్, నోడిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1973లో చూపు కదలికలను నమోదు చేసినప్పుడు, రెండు పక్కలా సమానమైన ఆకారాల్లో చూపు ఎక్కువగా ఒక సగంలోనే తిరగడం గమనించారు. రెండో సగం ఏమిటో ముందే తెలిసిపోతుంది కదా. వెయిటింగ్ హాల్లో కాలం గడవాలంటే చూపుకు పని ఉండాలి. కాబట్టి ఈ గోడకు సమానం పనికిరాదు. వీధి ముగ్గుకు అదే కావాలి. దాని పని వేరు, గడపను శుభంగా ఉంచడం.

డాక్టరమ్మకు ఓర అమరిక నచ్చింది గానీ ఆవిడ అత్తగారికి నచ్చలేదు. "అన్నీ ఒక పక్కకే తోసేసినాడు" అన్నారు. ఆమె మాటను నేను తీసిపారెయ్యను. వియన్నా విశ్వవిద్యాలయంలో హెల్ముట్ లెడర్ బృందం 2019లో ప్రచురించిన ఫలితం ఇలాంటిదే. కళ చదువుకున్నవాళ్ళు సౌష్ఠవం లేని సాదా ఆకారాలను ఎక్కువ అందమైనవిగా ఎంచారు, ఆ చదువు లేని విద్యార్థులు సౌష్ఠవంగా, పనితనం ఎక్కువగా ఉన్నవాటిని ఎంచారు. క్లినిక్‌కు వచ్చేది అందరూను. అందుకే రెండో పలకలో అత్తగారి మాట కూడా నిలబడేలా చూడాలనుకున్నాను.

రెండో పలక. గుండ్రం

నాలుగు భాగాల అడ్డకొలత ఉన్న ముదురు నీలం గుండ్రం ఒకటే. పలక నట్టనడుమ పెడితే "బొట్టు". చిత్రకారుడు ఎస్.హెచ్. రజా 1980 ప్రాంతం నుంచి బిందువును పెట్టి ఎన్నో చిత్రాలు వేశాడు కాబట్టి ఆ దారి పాతదే, పైగా మన ఊళ్ళో మళ్ళీ దేవుడి దగ్గరికే పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కొలత ప్రకారం నడుమ పెట్టినది కంటికి కొంచెం దిగినట్టు ఉంటుంది. ఫ్రేముల స్నేహితుడు ఫొటోకు మౌంటు, అంటే చుట్టూ వచ్చే అట్ట, కోసేటప్పుడు కింద అంచు అరంగుళం ఎక్కువ వదిలేది ఇందుకే. "సమానంగా కోస్తే ఫొటో జారినట్టుంటాది, గిరాకీ మళ్ళీ తెస్తాడు" అని వాడి అనుభవం.

నేను దీనికి తిరగేసి పోయాను. జోసెఫ్ ఆల్బర్స్ అనే చిత్రకారుడు 1950 నుంచి 1976లో చనిపోయేదాకా చదరంలో చదరం పెట్టి వెయ్యికి పైగా చిత్రాలు వేశాడు. అన్నిట్లోనూ లోపలి చదరాలు కుడి ఎడమలకు సమానం, కానీ కిందికి దిగి ఉంటాయి. వరసగా కింది ఖాళీ ఒకటైతే పక్కలు రెండు, పైన మూడు. ఒక ఇరుసు ఉంచి ఇంకోటి తెంచాడన్నమాట. మా పలకలో గుండ్రానికి అటూ ఇటూ రెండేసి భాగాలు, కింద రెండు, పైన ఆరు. కుడి ఎడమలు సమానం కాబట్టి అత్తగారు ఒప్పుకున్నారు. బాగా కిందికి ఉంది కాబట్టి జారిపోయిందని ఎవరూ అనలేదు, "కూర్చుంది" అన్నారు. బొట్టు అన్న మాట కూడా తగ్గింది. బొట్టు నుదుట ఉండాలి గానీ గడ్డం దగ్గర ఉండదు కదా.

మూడో పలక. గీత

ఇది త్వరగా తేలింది. పైన ఇటుక ఎరుపు, కింద నేల రంగు, నడుమ అంచు ఒకటే అడ్డగీత. తిరుపతిలో ఏ మేడ ఎక్కినా ఉత్తరాన కనపడేదే ఇది. పైన నిటారుగా తెగిన క్వార్ట్‌జైట్ రాయి, కింద వాలుగా దిగే కొండ పాదం. ఘాట్ రోడ్డులో ఆ పొర పాత గ్రానైటును తాకే చోటును జియలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. ఆ ఒక్క గీతకు పైరాయికీ కింది రాయికీ వయసులో పదుల కోట్ల ఏళ్ళ ఎడం.

గీత ఎక్కడ? సగంలో పెడితే పలక రెండు పలకలుగా విడిపోయింది, "ఏది అసలుది?" అన్నట్టు. పైనుంచి నాలుగు భాగాల దగ్గర పెడితే ఒకటికి రెండు. బంగారు నిష్పత్తిలో అయితే పైన 18.3 అంగుళాలు రావాలి, నాది 16. రెండూ చేసి మేనల్లుడికే చూపించాను, ఏది ఏదో చెప్పకుండా. కాసేపు అటూ ఇటూ చూసి పదహారుదాన్ని పట్టుకున్నాడు. ఇద్దరం ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

జనవరి. రంగు, టేపు

ప్రైమరు రెండు కోట్లు, నడుమ 220 నంబరు సాండ్‌పేపరు. రంగులు ఎమల్షనే, స్టెయినరు కలిపి. పట్టీ అంచు పదునుగా రావాలంటే మాస్కింగ్ టేపు అంటించాక ముందు నేల రంగునే టేపు అంచు మీద ఒక చెయ్యి పుయ్యాలి. టేపు కిందికి దూరేది నేల రంగే కాబట్టి కనపడదు. అది ఆరాక తెలుపు. తెలుపు పూర్తిగా ఆరకముందే టేపును నలభై అయిదు డిగ్రీల వాలులో వెనక్కి లాగాలి. ఇంత పట్టింపు ఎందుకంటే, అంచు ఒకచోట అలలాగా వస్తే ఒకటికి మూడు నిష్పత్తిని ఎవరూ చూడరు, ఆ అలనే చూస్తారు.

సంక్రాంతి తర్వాత. బిగింపు

మూడు పలకలు 96 అంగుళాలు, నడుమ నాలుగేసి అంగుళాల ఖాళీలు రెండు. మొత్తం 104. గోడ 144. మిగిలింది 40. ఎలక్ట్రీషియన్ రసమట్టం పట్టుకుని, "ఇటు ఇరవై, అటు ఇరవై కొట్టేద్దామా?" అన్నాడు. కొడితే స్విచ్‌బోర్డు మొదటి పలకకు అతుక్కుంటుంది. అయిదంగుళాలు కుడికి జరిపితే జరిగిపోయినట్టు ఉంటుంది. ఎడమ 30, కుడి 10 పెట్టాం. మళ్ళీ ఒకటికి మూడే. స్విచ్‌బోర్డు ఆ ముప్పైలో హాయిగా ఒదిగింది, పొట్టి బల్ల పలకల కిందికి వచ్చినట్టయింది. ఎత్తు సంగతి: గ్యాలరీల్లో నిలబడి చూస్తారు కాబట్టి బొమ్మ నడుము నేల నుంచి 57, 60 అంగుళాల మధ్య ఉంచడం అలవాటు. ఇక్కడ కూర్చుని చూస్తారు, అందుకని 50కి దించాం.

గుండ్రాన్ని మూడింటి నడుమ పెట్టమని డాక్టరమ్మ అడిగారు. ఒకసారి అలా ఆనించి చూపించాను. అటొకటి ఇటొకటి కాపలా, నడుమ గుండ్రం. "గర్భగుడి అయిపోయింది" అని ఆవిడే అన్నారు. గుండ్రం కుడి చివరకు పోయింది.

పలకల వెనక మార్కరుతో పెద్ద బాణం గీసి "పైపక్క" అని రాశాను. రేపు సున్నాలకు దించినప్పుడు ఎవరు ఎలా తగిలిస్తారో చెప్పలేం. డచ్ చిత్రకారుడు మోండ్రియన్ 1941లో రంగు టేపులతో చేసిన 'న్యూయార్క్ సిటీ 1' అనే చిత్రం దశాబ్దాలుగా తలకిందులుగా వేలాడుతోందని 2022లో డ్యూసెల్‌డోర్ఫ్‌లో సుసానే మేయర్ బ్యూజర్ అనే క్యురేటరు బయటపెట్టింది. పాత ఫొటో ఒకదాంట్లో అది మరోలా ఉంది. తిప్పితే టేపులు ఊడిపోతాయని అలాగే ఉంచేశారు. అంటే చూసేవాళ్ళకు పైదీ కిందిదీ తెలియదా? జార్జ్ మాథర్ అనే పరిశోధకుడు 2012లో అమూర్త చిత్రాలను నాలుగు దిక్కుల్లో తిప్పి చూపించి ఏది సరైనదో అడిగితే దాదాపు సగం సార్లు సరిగ్గా చెప్పారు. గుడ్డిగా ఎంచుకుంటే నాలుగింట ఒకటి రావాలి. అంటే అందులో కొంత కన్నే చెబుతోంది.

మేమూ ఒక మధ్యాహ్నం మూడింటినీ తలకిందులు చేసి పెట్టాం. మొదటి పలకను ఎవరూ పట్టించుకోలేదు, 1:3:1:3 వెనక నుంచి చదివినట్టు అయింది, అంతే. మూడోదానికి "ఆకాశం దిగిపోయింది" అన్నారు. గుండ్రం మాత్రం పైకెక్కి కూర్చునేసరికి, పన్ను తీయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన బుగ్గ పట్టుకునే రిసెప్షన్ దగ్గరికి వెళ్ళి, "దాన్ని దించమ్మా, నెత్తిన పడేట్టుండాది" అన్నాడు. వెంటనే సరిచేశాం.

ఇంకా మిగిలిన పని: మొదటి పలక మీద వార్నిష్ మెరుపు ఎక్కువైంది. సాయంత్రం ట్యూబ్‌లైటు వేస్తే దాని నీడ తెల్ల పట్టీ నట్టనడుమ ఇంకో తెల్లగీతగా పడి, ఎడమ కుర్చీలో కూర్చున్నవాళ్ళకు మళ్ళీ నామం కనపడుతోందట. వచ్చే ఆదివారం దించి మ్యాట్ కోటు కొట్టాలి. ట్యూబ్‌లైటు జరపడం కుదురుతుందేమో ఎలక్ట్రీషియన్‌ను అడిగాను, ఇంకా రాలేదు.